ఫుట్‌బాల్ పత్రిక లేఅవుట్: కవర్ పక్కన పెట్టి, ముందు వరుస ఎత్తు తేల్చుకోండి

ప్రశ్న: హైదరాబాద్‌లో విజువల్ కమ్యూనికేషన్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుగా తెలుగులో 24 పేజీల ఫుట్‌బాల్ పత్రిక డిజైన్ చేయాలి. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రను, ఇప్పటి ఆటను కలిపి తీసుకున్నాను. పత్రిక పేరు 'మైదానం'. ఇంకా ఐదు వారాల గడువుంది. కవర్ మూడు రకాలుగా చేశాను గానీ లోపలి పేజీలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇంగ్లిష్ స్పోర్ట్స్ పత్రికల్లో చూసి మూడు కాలమ్‌ల గ్రిడ్ వేశాను. అందులో తెలుగు పోస్తే పేజీ గజిబిజిగా ఉంది. కొన్నిచోట్ల ఒత్తులు విడిపోతున్నాయి. ఏ ఫాంట్లు వాడాలి? ఫొటోలు ఎక్కడివి తీసుకోవచ్చు? ప్రెస్‌కు ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: కవర్లు మూడూ ఒక ఫోల్డర్లో వేసి, రెండు వారాలు వాటి జోలికి వెళ్లకండి. మీ పేజీ గజిబిజిగా ఉండటానికి కారణం డిజైన్ సెన్స్ లేకపోవడం కాదు. ఇంగ్లిష్ అక్షరాల కొలతలకు కుట్టిన గ్రిడ్‌లో తెలుగును కూర్చోబెట్టారు, అంతే. ఇంగ్లిష్ అక్షరం పైకీ కిందికీ కొద్దిగానే జరుగుతుంది. తెలుగులో అక్షరం పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'రాష్ట్రం' అన్న ఒక్క మాట చాలు, రెండు వరుసల మధ్య ఎంత చోటు కావాలో చెప్పడానికి. కాబట్టి తెలుగు పత్రికకు పునాది వరుస ఎత్తు. అది తేలితే పేజీలో మిగతావన్నీ దానికి గుణిజాలుగా వచ్చేస్తాయి.

ముందు పేజీ సైజు

ఏ4 అనుకుని ఉంటారు. మార్చమని మా సలహా. విద్యార్థుల ప్రాజెక్టుకు ఐదారు కాపీలే కావాలి కనుక డిజిటల్ ప్రెస్‌లోనే వేయిస్తారు. అక్కడ ఎక్కువగా దొరికే షీటు 12×18 అంగుళాలు, అంటే సుమారు 305×457 మిల్లీమీటర్లు. ఏ4 రెండు పేజీలు పక్కపక్కన పెట్టి, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) కలిపితే 426×303 అవుతుంది. 305లో 303 ఇరుకుతుంది గానీ మెషిన్ పట్టుకునే అంచుకు, కటింగ్ మార్కులకు చోటుండదు. 13×19 షీటు ఉన్న ప్రెస్ దొరికితే సరే. దొరక్కపోతే ఆపరేటర్ మీ పేజీని 96 శాతానికి కుదించి పని కానిచ్చేస్తాడు, మీరు పెట్టుకున్న కొలతలన్నీ గాలికి పోతాయి. పేజీని 200×280 మి.మీ. చేసుకోండి. బ్లీడ్‌తో కలిపి స్ప్రెడ్ (ఎదురెదురు పేజీల జత) 406×286, 12×18లో హాయిగా పడుతుంది.

ఇప్పుడు మార్జిన్లు. మడత వైపు 17 మి.మీ., బయటి వైపు 13. మధ్యలో 170 మిగులుతుంది. దాన్ని ఆరు కాలమ్‌లు చేసి, కాలమ్‌కూ కాలమ్‌కూ మధ్య 4 మి.మీ. వదలండి. ఒక్కో కాలమ్ సరిగ్గా 25 మి.మీ. వస్తుంది. మూడేసి కలిపితే 83 మి.మీ. వెడల్పున రెండు టెక్స్ట్ కాలమ్‌లు. రెండేసి కలిపితే 54 మి.మీ.వి మూడు. నాలుగు కలిపితే 112.

నిలువు కొలత: బాడీ టెక్స్ట్ 10.5 పాయింట్లు, వరుస ఎత్తు 16 పాయింట్లు. లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ తనంతట తాను ఇచ్చే ఆటో లీడింగ్ (వరుస ఎత్తు) అక్షరం సైజులో 120 శాతం. తెలుగుకు అది చాలదు, 150 దగ్గర ఉండాలి. 42 వరుసలు వేస్తే 672 పాయింట్లు, అంటే 237 మి.మీ. పైన 19, కింద 24 వదిలితే 280 లెక్క సరిపోయింది. బేస్‌లైన్ గ్రిడ్‌ను (అక్షరాలు కూర్చునే గీతల వరుసను) పై అంచు నుంచి 19 మి.మీ. దగ్గర మొదలుపెట్టి 16 పాయింట్లకు ఒకటి చొప్పున పెట్టండి. క్యాప్షన్లు 8 పాయింట్ల అక్షరం, 12 పాయింట్ల వరుస. నాలుగు క్యాప్షన్ వరుసలు మూడు బాడీ వరుసలకు సమానం కనుక అవి మళ్లీ ఒకచోట కలుస్తాయి. హెడ్డింగ్ 48 పాయింట్లయితే వరుస ఎత్తు 64. అదీ 16కు గుణిజమే.

ఒక సెట్టింగ్ చాలామంది చూడరు. టెక్స్ట్ ఫ్రేమ్ ఆప్షన్లలో మొదటి బేస్‌లైన్ 'అసెంట్' మీద ఉంటుంది. అసెంట్ అంటే అక్షరం పైకి లేచే ఎత్తు, తెలుగు ఫాంట్లలో అది ఒక్కోదానిదీ ఒక్కోలా ఉంటుంది. అందువల్ల పక్కపక్క ఫ్రేముల్లో రెండు వేర్వేరు ఫాంట్లుంటే పై వరుసలు ఎగుడుదిగుడుగా వస్తాయి. దాన్ని 'లీడింగ్'కు మార్చి, అలాగే ఆబ్జెక్ట్ స్టైల్‌గా దాచుకోండి.

మూడు కాలమ్‌లు ఎందుకు కుదరలేదంటే, 54 మి.మీ. వెడల్పులో 10.5 పాయింట్ల తెలుగు వరుసకు మూడు నాలుగు మాటలే పడతాయి. మన మాటలు పొడుగు. 'ఆడుతున్నప్పుడు', 'ఓడిపోయినట్టయింది' లాంటివి ఒక్కొక్కటే అర వరుస తినేస్తాయి. దానికి తోడు రెండు వైపులా సమానంగా జస్టిఫై చేస్తే మాటల మధ్య గుంతలు పడతాయి. మీకు గజిబిజిగా కనిపిస్తున్నవి ఆ గుంతలే. కథనాలకు 83 మి.మీ. కాలమ్‌లు రెండు వాడండి. వరుసకు ఐదారు మాటలు పడతాయి, జస్టిఫై చేసినా నిలబడుతుంది. 54 మి.మీ.ది చిన్న వార్తలకు, బాక్స్ ఐటెమ్‌లకు ఉంచుకుని, అక్కడ ఎడమ వైపు మాత్రమే సమం చేయండి. వరుస చివర మాట విరవాల్సి వస్తే పూర్తి అక్షరం తర్వాతే విరవాలి, 'మ్యాచ్'లో మ ఒకచోట, దాని యావత్తు ఇంకోచోట పడకూడదు.

ఈ లెక్కతో నిండు పేజీకి 450 మాటల దాకా పడతాయి. హెడ్డింగ్, ఫొటో పోతే 250 నుంచి 300. నాలుగు పేజీల కథనానికి వెయ్యి మాటలు మించి రాయించుకోకండి. ఇంకో మాట: డమ్మీ టెక్స్ట్‌గా లాటిన్ పోసి లేఅవుట్ పూర్తి చేసి, తర్వాత తెలుగు పెడదామనుకుంటే మొత్తం మళ్లీ చేయాల్సి వస్తుంది. కథనం పూర్తికాకపోతే వేరే ఏదైనా తెలుగు వ్యాసం పోసి చూడండి.

ఒత్తులు విడిపోవడం

ఇది ఫాంట్ తప్పు కాదు, అక్షరాలను వరుసలుగా పేర్చే ఇన్‌డిజైన్ కంపోజర్ తప్పు. 'స్వర్ణం' అని టైప్ చేస్తే పొల్లులతో 'స్‌వర్‌ణం'లా విడిపోయి కనిపిస్తోందంటే ఆ పేరా మామూలు అడోబీ పేరాగ్రాఫ్ కంపోజర్‌లో ఉందన్నమాట. పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్ విభాగంలో కంపోజర్ దగ్గర 'అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకోండి. ఒక్కో స్టైల్‌లో మార్చడం కన్నా, అన్నిటికీ మూలంగా ఒకే స్టైల్ పెట్టి అందులో మార్చితే మిగతావి దాన్నే అనుసరిస్తాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్, ఇలస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లు చూపించమనేది ఆన్ చేయాలి. కొన్నిచోట్ల మాత్రమే విడిపోవడానికి కారణం, వేరే ఫైళ్లలోంచి కాపీ చేసిన పేరాలు తమ పాత స్టైల్‌ను వెంట తెచ్చుకోవడమే. ఇన్‌డిజైన్ లైసెన్స్ లేనివాళ్లకు స్క్రైబస్ 1.6 ఉచితం, తెలుగు ఒత్తులు అందులో సరిగానే పడతాయి.

మీ పత్రికలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే మాటలోనే ఒక చిక్కుంది. 'ఫుట్‌బాల్' అని రావాలంటే పొల్లు ట తర్వాత కంటికి కనిపించని నాన్-జాయినర్ ఉండాలి. అది లేకపోతే బ ఒత్తుగా మారి 'ఫుట్బాల్' అవుతుంది. గోల్‌కీపర్, మిడ్‌ఫీల్డర్, ఎఫ్‌సీ, హైదరాబాద్‌లో, అన్నిటికీ ఇదే గొడవ. టెక్స్ట్ రాసిచ్చిన వాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా టైప్ చేసి ఉంటారు. లేఅవుట్ మొదలుపెట్టకముందే ఇలాంటి మాటల పట్టిక ఒకటి రాసుకుని ఫైండ్-చేంజ్‌తో అన్నీ ఒకే తీరుకు తెచ్చేయండి. ఇన్‌డిజైన్‌లో ఆ గుర్తు టైప్ మెనూలో ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్ కింద, 'అదర్'లో ఉంటుంది.

ఎవరైనా అను ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్ ఇస్తే యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే తీసుకోండి. మార్చాక చూసుకోవాల్సినవి: అంకెలు, కొటేషన్ గుర్తులు, డ్యాష్‌లు, మధ్యలో వచ్చిన ఇంగ్లిష్ మాటలు. ఆ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానంలోనే తెలుగు ముక్కలు పెట్టుకుంటాయి కనుక మార్పిడిలో ఇంగ్లిష్ మాటలు అర్థంలేని తెలుగుగా బయటికొస్తాయి. స్కోర్లు తారుమారైతే క్రీడా పత్రిక పరువు పోతుంది. అంకెలన్నీ అసలు కాపీతో పక్కన పెట్టుకుని సరిచూడండి.

ఫాంట్ల మాట

రెండు కుటుంబాలు చాలు. బాడీకి నోటో సెరిఫ్ తెలుగు. హెడ్డింగులకు, పట్టికలకు అనెక్ తెలుగు. రెండూ ఓపెన్ లైసెన్స్‌వి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అనెక్‌ను ఎందుకు చెబుతున్నామంటే దానికి బరువులే కాదు, వెడల్పు కూడా మార్చుకునే వీలుంది. క్రీడా పత్రికకు సన్నగా, బలంగా నిలబడే హెడ్డింగ్ అక్షరం కావాలి. కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రా బోల్డ్ ఆ పని చేస్తుంది. మామూలు ఫాంట్‌ను పక్కల నుంచి నొక్కి 70 శాతానికి కుదించడం మాత్రం వద్దు. నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు లావుగా ఉండిపోయి అక్షరం రోగిష్టిగా కనిపిస్తుంది. కవర్‌కో, సెంటర్ స్ప్రెడ్‌కో బండ అక్షరం కావాలంటే రామభద్ర ఉంది.

తెలుగులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు, ఇటాలిక్ సంప్రదాయమూ లేదు. ఇంగ్లిష్ పత్రికలో ఇవి చేసే పనిని మీరు బరువుతో, రంగుతో, సైజుతో చేయించుకోవాలి. బైలైన్ సెమీబోల్డ్, క్యాప్షన్‌లో ఆటగాడి పేరు బోల్డ్, ఇంటర్వ్యూలో ప్రశ్న ఒక రంగు. అక్షరాన్ని బలవంతంగా వంచితే తలకట్టు ఒకవైపు, ఒత్తు ఇంకోవైపు జారుతుంది. ట్రాకింగ్ (అక్షరాల మధ్య దూరం) సున్నా దగ్గరే ఉంచండి.

స్పోర్ట్స్ హెడ్డింగులకు అవుట్‌లైన్ మాత్రమే కనిపించే అక్షరాలు పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్. తెలుగు ఫాంట్లలో మూలాక్షరం, తలకట్టు, ఒత్తు విడి ముక్కలుగా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. స్ట్రోక్ పెట్టగానే లోపల అతుకు గీతలు బయటపడతాయి. క్రియేట్ అవుట్‌లైన్స్ చేసి, పాత్‌ఫైండర్‌లో యునైట్ కొట్టి, ఆ తర్వాత స్ట్రోక్ ఇవ్వండి. అవుట్‌లైన్ చేశాక అక్షరదోషం దిద్దడం కుదరదు కనుక ఇది ప్రూఫ్ అయ్యాకే చేయాల్సిన పని.

రెండు వరుసల హెడ్డింగ్‌లో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంటే వరుస ఎత్తు పెంచకండి, మాట మార్చండి. పైన 'స్వర్ణం' ఉండి, దాని కింద సరిగ్గా 'గెలిచిన' పడితే ఢీకొంటాయి. 'స్వర్ణం' బదులు 'పసిడి' అంటే ఆ బాధ లేదు. పత్రికల్లో సబ్‌ఎడిటర్లు రోజూ చేసేది ఇదే. డిజైనర్‌గా మీకు ఈ స్వేచ్ఛ ఉండాలని మీ గైడ్‌తో ముందే మాట్లాడుకోండి.

ఫుట్‌బాల్ పేజీని ఫుట్‌బాల్ పేజీ చేసేవి

పచ్చగడ్డి ఫొటో, బంతి బొమ్మ ఏ స్కూలు మ్యాగజైన్లోనైనా ఉంటాయి. ఫుట్‌బాల్ తెలిసిన పాఠకుడు వెతికేది లైనప్, ఫార్మేషన్, పాయింట్ల పట్టిక, గోల్ ఎలా వచ్చిందో చూపే డయాగ్రామ్. వీటిని ఎంత శ్రద్ధగా చేశారన్నదే మీ ప్రాజెక్టును నిలబెడుతుంది. అందుకే ముందు ఇవి గీసి, గ్రిడ్ వీటిని మోస్తుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కథనాల పేజీలు కట్టండి.

మైదానం డయాగ్రామ్‌తో మొదలుపెడదాం. అంతర్జాతీయ మ్యాచ్‌లకు ప్రామాణికంగా వాడే మైదానం 105×68 మీటర్లు. మీటరును మిల్లీమీటరు చేసేయండి. 105×68 మి.మీ. బొమ్మ మీ నాలుగు కాలమ్‌ల 112లో సరిగ్గా పడుతుంది. నిలువుగా తిప్పితే 68 వెడల్పు, 83 మి.మీ. కాలమ్‌లో పడుతుంది. లెక్క కట్టే పనే లేదు: సెంటర్ సర్కిల్ వ్యాసార్ధం 9.15, పెనాల్టీ ఏరియా 40.32 వెడల్పు, 16.5 లోతు. గోల్ ఏరియా 18.32 వెడల్పు, 5.5 లోతు. పెనాల్టీ స్పాట్ గోల్ లైన్ నుంచి 11. గోల్ 7.32. కార్నర్ ఆర్క్ వ్యాసార్ధం 1. పెనాల్టీ ఏరియా బయటి వంపును చాలామంది అర్ధవృత్తంగా అతికించేస్తారు. అది పెనాల్టీ స్పాట్ కేంద్రంగా 9.15 వ్యాసార్ధంతో గీసిన వృత్తంలో ఏరియా బయటికి వచ్చిన ముక్క మాత్రమే. ఆట ఆడిన వాడు చూడగానే పట్టేస్తాడు. నిబంధనల ప్రకారం గీత గరిష్ఠంగా 12 సెంటీమీటర్లు. మన స్కేలులో అది 0.12 మి.మీ., పచ్చ మీద తెల్లగా వేస్తే ఇంకులో పూడిపోతుంది. అక్కడ స్కేలు వదిలేసి అర పాయింట్ గీత ఇవ్వండి.

ఆటగాళ్లకు 7 మి.మీ. వృత్తాలు, లోపల జెర్సీ నంబర్, కింద పేరు 7.5 పాయింట్లలో. నలుగురు ఒకే వరుసలో ఉండే ఫార్మేషన్‌లో 68 మి.మీ.ని నలుగురికి పంచితే తలా 17. పేరు ఎనిమిది అక్షరాలు దాటితే పక్కపేరును గుద్దుతుంది. 'తులసీదాస్ బలరాం' అని కాకుండా 'బలరాం' అని వేయండి, పూర్తి పేర్లు పక్కన జాబితాలో.

మీ అంశానికి సెంటర్ స్ప్రెడ్‌గా 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్ కన్నా మంచిది దొరకదు. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచింది. గోల్స్ పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్‌లవి. జర్నైల్ అసలు డిఫెండర్. టోర్నీలో తలకు గాయమై కుట్లు పడితే, రహీం అతన్ని ముందుకు జరిపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. అతను ఫైనల్లో గోల్ కొట్టాడు. ఈ ఒక్క నిర్ణయాన్ని బొమ్మగా చేయండి: రెండు పేజీలా పరిచిన మైదానం, మిగతా పదిమంది లేత రంగులో, వెనక డిఫెన్స్‌లో ఒక ఖాళీ వృత్తం, అక్కడి నుంచి ముందుకు ఒక బాణం, చివర నిండు రంగు వృత్తం. పక్కన నూట యాభై మాటలు. ఇంతకు మించి ఒక్క అలంకారం కూడా వద్దు. 24 పేజీల సెంటర్ పిన్ పత్రికలో 12, 13 పేజీలు ఒకే షీటు మీద పడతాయి. రెండు సగాలు ఎగుడుదిగుడు కాకుండా గీత గీతను కలిసేది ఆ ఒక్క చోటే. అందుకే ఈ బొమ్మ స్థానం అదే. బాణం పిన్ను మీదుగా పోవచ్చు గానీ వృత్తాలు, పేర్లు మడతకు 10 మి.మీ. దూరంగా ఉంచండి.

పాయింట్ల పట్టిక సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన 2021–22 సీజన్ తీసుకుందాం. లీగ్ దశలో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో మొదట, హైదరాబాద్ 38తో రెండో స్థానం. జట్లు 11. శీర్షిక వరుసతో కలిపి 12 వరుసలు, ఒక్కోటి 16 పాయింట్లు. మొత్తం 192, అంటే 68 మి.మీ.కు వెంట్రుకవాసి తక్కువ. మీ మైదానం బొమ్మ ఎత్తూ 68. రెండూ 112×68 పెట్టెలో కూర్చుంటాయి కనుక ఎదురెదురు పేజీల్లో ఒకే ఎత్తులో పెట్టొచ్చు. 112లో ఎనిమిది అంకెల గడులకు 8 మి.మీ. చొప్పున 64 పోతే, జట్టు పేరుకు 48 మిగులుతుంది. 'నార్త్‌ఈస్ట్ యునైటెడ్' కూడా 9 పాయింట్లలో ఒకే వరుసలో పడుతుంది.

'చేసిన గోల్స్', 'ఇచ్చిన గోల్స్' 8 మి.మీ. గడిలో పట్టవు. నిలువుగా తిప్పి రాయకండి, తెలుగు నిలువుగా చదవడం కష్టం. ఆ, గె, డ్రా, ఓ, చే, ఇ, తే, పా అని పెట్టి, పట్టిక కింద ఒక వరుసలో వివరం ఇవ్వండి. అంకెలు కుడివైపు సమంగా ఉండాలి. ఫాంట్‌లో 1 సన్నగా, 8 లావుగా ఉంటే గడులు వంకరగా కనిపిస్తాయి. ఓపెన్‌టైప్ మెనూలో ట్యాబ్యులర్ లైనింగ్ అంకెలు ఎంచుకోండి. గోల్ తేడాకు హైఫన్ కాకుండా అసలైన మైనస్ గుర్తు, స్కోరుకు ఎన్-డ్యాష్ (–). గడుల చుట్టూ గీతలు అక్కర్లేదు, మూడు వరుసలకొక సన్న గీత చాలు. మీ జట్టు వరుసకు మాత్రం రంగు పట్టీ. హైదరాబాద్ ఎఫ్‌సీది అప్పట్లో పసుపు కనుక పసుపు మీద నల్ల అక్షరమే. పసుపు మీద తెలుపు కనబడదు.

ఆ సీజన్ ఫైనల్‌కు కూడా చిన్న బొమ్మ బావుంటుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1–1. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3–1. 120 నిమిషాలను 120 మి.మీ. గీతగా వేసి ఆ రెండు నిమిషాల దగ్గర గుర్తులు పెడితే మ్యాచ్ ఎంత ఆలస్యంగా మలుపు తిరిగిందో మాటలక్కర్లేకుండా తెలుస్తుంది.

పేజీల వరుస

కవర్ నాలుగు పేజీలూ 24లోనే లెక్క. సెంటర్ పిన్‌కు మొత్తం ఎప్పుడూ నాలుగు గుణిజమే. ఒక పెద్ద కాగితం మీద 24 చిన్న గడులు గీసి పెన్సిల్‌తో నింపండి. మేమైతే ఇలా పెడతాం: 3లో విషయసూచిక, సంపాదకీయం. 4–5 చిన్న వార్తలు. 6–7 నిండు ఫొటో. 8–11 రహీం కథనం, 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1950 నుంచి 54 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదు రోవర్స్ కప్‌లు, అన్నీ అందులో. 12–13 జకార్తా బొమ్మ. 14–17 ఐఎస్‌ఎల్ సీజన్. 18–19 పట్టికలు. 20–21 మీ దగ్గర్లోని కోచ్‌తో ఇంటర్వ్యూ. మిగిలినవి క్విజ్, ఫొటోల క్రెడిట్లు. నిండు పేజీ, ఖాళీ ఉన్న పేజీ, మళ్లీ నిండు పేజీ, ఈ ఊపిరి ఆ గడుల్లోనే కనబడాలి. వరసగా మూడు స్ప్రెడ్‌లు ఫొటో ఎడమవైపే పడ్డాయంటే అక్కడే తెలిసిపోతుంది.

ఫొటోలు

నెట్‌లో దొరికిన ఏజెన్సీ ఫొటోలు, క్లబ్ సోషల్ మీడియా ఫొటోలు వద్దు. ఫొటో పాతదైనంత మాత్రాన అందరిదీ అయిపోదు. క్లాసులో చూపించడానికి వాడుకున్నది, రేపు పోర్ట్‌ఫోలియోలో పెట్టినా, కాపీలు అమ్మినా చిక్కు తెస్తుంది. వికీమీడియా కామన్స్‌లో ఉన్నవైతే లైసెన్స్ చదివి, అడిగిన తీరులో క్రెడిట్ ఇవ్వండి. రహీం కాలానికి మంచి ఫొటో దొరక్కపోతే రేఖాచిత్రం వేయించండి. 1950ల పేజీలకు టైపోగ్రఫీ, డయాగ్రామే నడిపించినా తప్పులేదు.

ఇప్పటి పేజీలకు సొంతంగా తీయండి. స్థానిక లీగ్ మ్యాచ్‌కు ముందు నిర్వాహకుల అనుమతి తీసుకుని గోల్ లైన్ వెనక, కార్నర్ వైపు నేల మీద కూర్చోండి. షటర్ 1/1000 కన్నా తగ్గితే కాళ్లు, బంతి మసకబారతాయి. ఫ్లడ్‌లైట్లలో వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి, గ్రెయిన్ వచ్చినా ఫర్వాలేదు, మసక ఫొటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. పిల్లల ఫొటోలకు కోచ్‌తో పాటు తల్లిదండ్రుల అనుమతీ కావాలి.

రెండు పేజీలా పరిచే ఫొటోకు 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) చొప్పున సుమారు 4800×3380 పిక్సెళ్లు ఉండాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో ఆ వెడల్పుకు 250 దాకా ఇస్తుంది, నడుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపినది 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతే 135 మి.మీ. మించి పెంచలేరు. మిత్రులను డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంకొకటి, ఫొటో ఎంచేటప్పుడే మడత ఎక్కడ పడుతుందో చూసుకోండి. ముఖం గానీ బంతి గానీ మడతకు 15 మి.మీ. లోపు ఉంటే ఆ ఫొటో స్ప్రెడ్‌కు పనికిరాదు.

స్క్రీన్ మీద మెరిసే గడ్డి పచ్చ సీఎంవైకేలోకి (ప్రింటింగ్ నాలుగు రంగుల్లోకి) రాగానే మాడిపోతుంది. దాన్ని బతికించాలని సయాన్ పెంచితే ఆటగాళ్ల చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది. గడ్డిని విడిగా మాస్క్ చేసి, దానిలో మెజెంటా మాత్రం తగ్గించండి. ముఖాలను ముట్టుకోకండి. పచ్చని ఒకే రంగుగా పేజీ అంతా పరిస్తే డిజిటల్ ప్రింట్‌లో చారలు కనిపిస్తాయి, లేత రంగు గానీ గడ్డి ఫొటో గానీ వాడండి. ముదురు రంగు మీద తెల్ల తెలుగు అక్షరాలు వేసేచోట బరువు ఒక మెట్టు, సైజు ఒక పాయింట్ పెంచండి. లేకపోతే ఒత్తుల లోపలి కన్నాలు ఇంకుతో పూడిపోతాయి.

ఇప్పుడు కవర్ తీయండి

ఇంగ్లిష్ పత్రికల్లో ఆటగాడి తల మాస్ట్‌హెడ్ (కవర్ మీది పత్రిక పేరు) మీదికి ఎక్కించడం చూసి ఉంటారు. అక్కడ అక్షరం కింది సగం కప్పినా పై సగంతో చదివేస్తాం. తెలుగులో పైన గుడి పోతే అక్షరమే మారిపోతుంది, కింద ఒత్తు పోయినా అంతే. 'మైదానం'లో 'మై' మీద తల పడకూడదు, కిందున్న ఐత్వపు ముక్క పోతే 'మె' అవుతుంది. 'నం'లో న కింది భాగం కొద్దిగా కప్పడం ఒక్కటే క్షేమం. మీ మూడు కవర్లలో ఈ పరీక్ష నెగ్గినది తీసుకుని, లోపలి పేజీల ఆరు కాలమ్‌ల మీదే కవర్ మాటలను మళ్లీ అమర్చండి. మూడు నాలుగు మాటలు చాలు.

ప్రెస్‌కు వెళ్లేముందు

మూడో వారం చివరికల్లా కాలేజీ జిరాక్స్ మెషిన్ మీద నలుపు-తెలుపులో, అసలు సైజులో డమ్మీ తీసి మడిచి పిన్ కొట్టండి. వరుస ఎత్తు, క్యాప్షన్ సైజు, మడతలోకి జారిన మాటలు స్క్రీన్ మీద తెలియవు, చేతిలో తెలుస్తాయి. జ్యూరీకి కూడా ఆ డమ్మీని దాని మీది ఎర్ర పెన్ను దిద్దుబాట్లతో సహా చూపించండి.

లోపలి పేజీలకు 130 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్ పేపర్, కవర్‌కు 250. గ్లాసీ మీద తెలుగు బాడీ టెక్స్ట్ లైటు కింద మెరిసి చదవనివ్వదు. ఆరు షీట్లు ఒకదానిలో ఒకటి మడిస్తే లోపలివి అర మిల్లీమీటరు నుంచి ఒకటి దాకా బయటికి తోసుకొస్తాయి. కటింగ్‌లో అది పోతుంది. అందుకే పేజీ నంబర్లు బయటి అంచుకు 8 మి.మీ. కన్నా దగ్గర పెట్టకండి, పేజీ చుట్టూ సన్నని బోర్డర్ గీత అసలే వద్దు.

ఫైల్ ఎప్పుడూ పీడీఎఫ్‌గానే ఇవ్వండి, ఫాంట్లు ఎంబెడ్ చేసి, 3 మి.మీ. బ్లీడ్‌తో. ఓపెన్ ఫైల్ ఇస్తే ప్రెస్ కంప్యూటర్లో మీ ఫాంట్లు లేక మొత్తం చెదిరిపోతుంది. స్ప్రెడ్‌లుగా కాకుండా విడి పేజీలుగా, 1 నుంచి 24 వరకు వరుసలో ఇవ్వండి. 24 పక్కన 1, 2 పక్కన 23 అని పేర్చుకోవడం వాళ్ల సాఫ్ట్‌వేర్ చేస్తుంది. బాడీ టెక్స్ట్ నూరు శాతం నలుపు మాత్రమే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నలుపైతే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడటం) కొద్దిగా తప్పినా ప్రతి ఒత్తు చుట్టూ రంగు నీడ వస్తుంది. సెపరేషన్స్ ప్రివ్యూలో నలుపు ప్లేటు ఆఫ్ చేసి చూడండి, అక్షరాలన్నీ మాయమైతే సరిగ్గా ఉన్నట్టే.

మొత్తం కాపీలు ఒకేసారి కొట్టించకుండా ముందు 12–13 స్ప్రెడ్, పట్టికల పేజీ, ఫ్లడ్‌లైట్ ఫొటో ఉన్న ఒక పేజీ, ఈ మూడే అసలు పేపరు మీద తీయించి పగటి వెలుగులో చూడండి. రంగు దిద్దుకోవడానికి రెండు రోజులు చేతిలో ఉంచుకుని ఆ తర్వాత మిగతావి ఇవ్వండి.